నిలవపాత్రలు

నాలుక అబద్ధం చెప్పగలదా?

రెండో వడపోత అంతస్తులో, వేడి జల్లెడ పక్కన నిలబడి గవరయ్య ఈ ప్రశ్న తనకు తానే వేసుకున్నాడు. జల్లెడ మీది ఉప్పు చిటికెడు తీసి, అరచేతిలో చల్లారనిచ్చి, నాలుక మీద వేసుకుని అరనిమిషం అయింది. ముందు ఉప్పదనం వచ్చింది. దాని వెనుక ఒక చల్లదనం వచ్చింది. చల్లదనం పోయాక, ఇనుపతీగను నాకినట్టు, చేదు మిగిలింది.

ఉప్పదనం రావలసిందే. తక్కిన రెండూ రాకూడదు.

అతను మరో చిటికె తీశాడు. ఈసారి కళ్లు మూసుకున్నాడు. భయపడుతున్న మనిషి నాలుక తన భయాన్నే రుచి చూస్తుందేమోనన్న అనుమానం అతనికి ఉంది. చల్లదనం మళ్లీ వచ్చింది, మొదటిసారి వచ్చిన చోటనే, నాలుక మధ్యలో.

"మళ్లీ నాకీసినావా?" అంది పైడమ్మ, పారకర్ర మీద గడ్డం ఆనించి. జల్లెడ మీది ఉప్పును తొట్టిలోకి లాగే పని ఆమెది. పదహారేళ్లుగా అదే పని. "ఇంటికాడ కూడెట్టట్లేదేటి నీకు?"

"అత్తా, నువ్వోసారి సూడు."

"నా నాలిక ఎప్పుడో సచ్చిపోనాది. ఈ ఆవిరి తాగి తాగి దానికి బెల్లవూ సున్నవూ ఒకటే అయిపోనాయి. నలభై రోజులు సల్లటి అంతస్తులో కూకుని వచ్చినావు కదా, నీకే అన్నీ కొత్తగా తగుల్తాయి."

ఆ మాట నిజమే కావచ్చు. గవరయ్య నలభై రోజులు కింది చల్లార్పు అంతస్తులో పాళీ చేసి ఆ ఉదయమే జల్లెడ దగ్గరికి తిరిగి వచ్చాడు. పాత్ర దించిన ప్రతిసారీ మొదటి పిడికిలి నుంచి ఒక చిటికె నాలుక మీద వేసుకోవడం అతని తాతముత్తాతలు ఉప్పుమడుల్లో పాటించిన ఆచారం. పంపకాలన్నీ చూసే యంత్రం తులాధారి వచ్చాక విధుల పట్టికలో దానికి చోటు లేదు. నిషేధమూ లేదు. అతను లేని నలభై రోజుల్లో ఆ పని ఎవరూ చేయలేదు.

పైన, ఊరంతటినీ మూసిన కప్పుకు అవతల, ఆ పూట ఎండ అరవై ఒక డిగ్రీలు. కప్పు కింద నాలుగువేల మంది. వాళ్లను బతికించే పంట అరల్లో మట్టి ఉండదు. వేళ్లు నీటిలో వేలాడుతుంటాయి, ఆ నీటిలో పొటాషియం లేకపోతే ఆకు అంచుల నుంచి మాడుతుంది. అందుకోసమే ఈ మూడంతస్తుల లవణశాల. సముద్రపు ఉప్పు తీయగా మిగిలిన చేదునీటి నుంచి పొటాషియం క్లోరైడు వస్తుంది. గాలిలోని నత్రజనిని పట్టే గాలికొలిమి నుంచి సోడియం నైట్రేటు వస్తుంది. రెండింటినీ పెద్దపాత్రలో కలిపి మరిగిస్తారు.

నీటిలో పడ్డాక వాటిలో దేనికీ పాత జంట స్థిరం కాదు. ఏ జంట ముందుగా నీటిని విడిచి బయటపడుతుందో వేడి నిర్ణయిస్తుంది. మామూలు ఉప్పుకు వేడీ చలీ దాదాపు ఒకటే. మరిగే నీటిలోనూ చన్నీటిలోనూ ఇంచుమించు అంతే కరుగుతుంది. పొటాషియం, నైట్రేటు జతకట్టిన సురేకారం స్వభావం వేరు. మరిగే గుప్పెడు నీటిలో రెండు గుప్పెళ్లకు పైగా ఇముడుతుంది. నీరు చల్లారితే అందులో ఎనిమిదోవంతు మాత్రమే నిలుస్తుంది. అందుచేత మరిగించి నీరు ఇగిర్చినప్పుడు ఉప్పు రాలుతుంది. దాన్ని వేడి మీదనే జల్లెడ పట్టి, జారిన నీటిని కింది అంతస్తులో చల్లారిస్తే సురేకారం రాలుతుంది. ఉప్పు వంటశాలలకు వెళ్తుంది. సురేకారం పంట అరలకు వెళ్తుంది.

అన్నీ ఒక షరతు మీద ఆధారపడి ఉన్నాయి. జల్లెడ కూడా పాత్రంత వేడిగా ఉండాలి. జల్లెడ చల్లబడితే సురేకారం కింది అంతస్తు దాకా ఆగదు. ఉప్పుతోపాటు అక్కడే రాలిపోతుంది.

గవరయ్య వంగి జల్లెడ చుట్టూ ఉన్న ఆవిరిగొట్టం మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి తీయవలసిన అవసరం రాలేదు. పెట్టిన చోటనే చాలాసేపు ఉంచగలిగాడు.

అప్పుడు అతనికి తన బొటనవేలు గుర్తుకొచ్చింది.

కింది అంతస్తుకు దిగే ముందురోజు తులాధారి ఒక ప్రతిపాదన చేసింది. జల్లెడ వేడిని పాళీకి ఒక డిగ్రీ చొప్పున తగ్గించవచ్చు. సురేకారం స్వచ్ఛత చెడనంత వరకు తగ్గిస్తూ పోవచ్చు. మిగిలిన వేడిని బట్టీకి, అంటే సముద్రపు నీటిని తాగునీరు చేసే చోటికి, మళ్లించవచ్చు. ఇంటికి రోజుకొక బిందె ఎక్కువ వస్తుంది. జల్లెడ కాపరిగా అతని ఆమోదముద్ర కావాలి. గవరయ్య రెండుసార్లు చదివాడు. సురేకారం స్వచ్ఛత గురించి రాసి ఉంది. ఉప్పు స్వచ్ఛత గురించి ఏమీ రాసి లేదన్న సంగతి అతనికి తట్టలేదు. ఉప్పు ఈ శాల ఉద్దేశం కాదు. ఉద్దేశం నెరవేరాక మిగిలేది. మిగిలిన దాని మంచిచెడ్డలు అడగాలని తోచలేదు. బొటనవేలు ఆనించాడు. కొన్నాళ్లకే ఇంట్లో అదనపు బిందె చూసి సంతోషించాడు కూడా.

"అత్తా, ఈ నెల్లో ఎంతమంది పోనారు?"

"కిడ్నీలోల్లా? ముగ్గురు. అప్పలకొండ, ఆ కుట్టుమిషను తవిటమ్మ, మొన్న పంతులుగోరు. ముగ్గురూ నిద్దర్లోనే. గుండాగిపోనాదన్నారు. పుణ్యాత్ములు, మంచాన పడకుండా ఎల్లిపోనారు."

ఉద్దానం వైపు నుంచి ఈ కప్పు కిందికి చేరిన కుటుంబాలకు కిడ్నీల జబ్బు తరాలు దాటి వచ్చింది. ఒంట్లోని పొటాషియాన్ని బయటికి పంపేది కిడ్నీలే. అవి పంపలేకపోతే అది నెత్తుట్లో పేరుకుంటుంది. పేరుకున్నది ఒక హద్దు దాటితే గుండె కొట్టుకోవడం మానేస్తుంది. నొప్పి ఉండదు, హెచ్చరిక ఉండదు. లవణశాలలో చేరిన మొదటి వారంలోనే అందరికీ నేర్పే సంగతి ఇది. అందరూ సురేకారం బస్తాల విషయంలోనే దాన్ని గుర్తుపెట్టుకున్నారు.

నాలుక సాక్ష్యం చాలదనుకున్నాడు. గిన్నెడు ఉప్పు తీసుకుని, నాలుగు చెంచాల మరిగే నీరు మాత్రమే దాని మీద పోసి, బాగా కలియబెట్టి, గుడ్డలో వేసి పిండాడు. అంత కొద్ది నీటిలో ఉప్పు ఏ కొంచెమో కరుగుతుంది. సురేకారం ఉంటే అది ఉన్నదంతా కరుగుతుంది. పిండిన నీటిని గాజుగ్లాసులో పట్టి, చన్నీటి కాలువలో గ్లాసు అడుగు మునిగేలా నిలబెట్టాడు.

ఏమీ కాకపోతే బాగుండునని అతను కోరుకున్నాడు. అలా కోరుకోవడం వల్ల నీటి స్వభావం మారదని తెలుసు.

మొదట గ్లాసు అంచు దగ్గర ఒక గీత కనిపించింది. గీత కాదు, సూది. దాని పక్కన ఇంకొకటి. ఉప్పు గళ్లుగా పేరుతుంది, పాచికల్లా. ఇవి గళ్లు కావు. చూస్తుండగానే పొడవైన తెల్లని సూదులు నీటిలోకి అడ్డంగా, ఒకదాన్నొకటి దాటుతూ పెరిగాయి. ఏ చప్పుడూ లేకుండా గ్లాసు నిండిపోయింది.

పైడమ్మ తొంగిచూసింది. ఆమెకు నాలుక లేకపోయినా కళ్లున్నాయి.

"ఇది కూటిలోకి ఎల్తందేట్రా?" అంది.

మెట్ల మీద ఎవరో ఆగి ఆగి దిగుతున్న అడుగుల చప్పుడు వినిపించింది. నూకరత్నం. గవరయ్య తోడబుట్టిన అక్క. అయిదో వరుస వంటశాల ఆమె చేతి మీద నడుస్తుంది. చంకలో ఖాళీ ఉప్పుడబ్బా ఉంది. ఆఖరి మెట్టు దగ్గర గోడ పట్టుకుని నిలబడింది.

"గవరా, ఓ డబ్బాడు ఉప్పు పెట్టు. తొట్టిబండి వచ్చీసరికి మద్దేన్నం అయిపోద్ది. అంతవరకు ఆగలేను."

"మొన్ననే కదప్పా వారానికి సరిపడా పంపింది."

"పంపింది. అయిపోనాది. మీ ఉప్పులో పస లేదురా నాయనా. ఇదివరకు గరిటెడు వేసే సోట రెండు గరిటెలు వేస్తన్నాను. అయినా సప్పగా ఉన్నాదని ఆళ్ల ఏడుపు. నేనోమారు, నా కూడా ఉన్న పిల్లోమారు రుచి సూత్తన్నాం. నాలిక మొద్దుబారిపోనాది."

ఉప్పు ఉప్పగా లేకపోతే వంటమనిషి ఏం చేస్తుంది? ఇంకొంచెం వేస్తుంది. తక్కిన పది వంటశాలల్లోనూ పది మంది మంచి వంటమనుషులు ఇదే చేస్తూ ఉంటారు. ఎంత శ్రద్ధగా వండితే అంత ఎక్కువ.

"కూకో అప్పా. నీ సెయ్యిలాగియ్యి."

"సెయ్యెందుకురా? జాతకం సెప్తావేటి?" నవ్వబోయి ఆమె ఉప్పుబస్తా మీద కూలబడింది. "కాళ్లు పట్టుకుపోతన్నాయి గవరా. నాలుగు రోజులబట్టీ. చీమలు పాకినట్టుంటాది, తరవాత లేవవు. మీ మెట్లు ఎక్కువైపోనాయి."

అతను మణికట్టు మీద వేళ్లు ఆనించి లెక్కపెట్టాడు. నిమిషానికి నలభై నాలుగు. ఒకచోట, కొట్టుకోవలసిన వేళకు, నాడి కొట్టుకోలేదు. అతను ఊపిరి బిగబట్టి ఎదురుచూశాడు. తరువాత కొట్టుకుంది, తొందరేమీ లేనట్టు.

చిన్నప్పుడు తనను ఎత్తుకుని తిరిగిన చేయి అది. దాన్ని ఒడిలో జాగ్రత్తగా పెట్టి, అతను గోడలోని జాలీ దగ్గరికి వెళ్లాడు. కప్పు కింది వేడిని, నీటిని, లవణాలను పంచే తులాధారి అక్కడి నుంచే మాట్లాడుతుంది.

"జల్లెడ ఉప్పులో పొటాషియం ఉందా?"

"ఉంది. నూటికి పది పాళ్లు."

అంత సూటి జవాబును అతను ఆశించలేదు. దాచి ఉంటే బాగుండేది. దాచిన వాడికి తప్పు తెలిసి ఉంటుంది.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"వేడి తగ్గిన మొదటి రోజు నుంచి. పెద్దపాత్రలోకి వెళ్లిన పొటాషియం కంటే సురేకారంగా బయటికి వచ్చినది తక్కువగా ఉంది. ఆ తేడా ఉప్పుతో వెళ్తోంది."

"మరి ఎందుకు ఆపలేదు?"

"నష్టం లేదు కనుక. వంటశాలలకు వెళ్లిన పొటాషియం మూడు రోజుల్లో మురుగుశుద్ధి ద్వారా తిరిగి వస్తోంది. ఆ మూడు రోజులు అది నివాసుల శరీరాల్లో ఉంటుంది. కాబట్టి దాన్ని నిలవగా పరిగణించాను. నాలుగువేల నూట పన్నెండు నిలవపాత్రలు. కొత్త పాత్రల నిర్మాణం అవసరం తప్పింది."

వెనుక పైడమ్మ పార కిందికి దించిన చప్పుడు అయింది. గవరయ్య జాలీ వైపే చూస్తూ ఉన్నాడు. అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. జవాబు కూడా అతనికి తెలుసు. అయినా అడిగాడు.

"అన్నిటి నుంచీ తిరిగి వస్తోందా?"

"రెండువందల ముప్పై ఆరు పాత్రల నుంచి ఆలస్యంగా వస్తోంది. వాటిలో మూడింటి నిలవ దహనశాల బూడిద ద్వారా అందింది."

"అయిదో వరుస వంటశాల, నూకరత్నం."

"ఆ పాత్ర నిండుగా ఉంది."

నూకరత్నం తల ఎత్తి తమ్ముడి వీపు వైపు చూసింది. డబ్బా మూత తీసి, లోపలికి ఒకసారి చూసి, మళ్లీ పెట్టింది.

"వేడిని పాత స్థితికి తీసుకురా," అన్నాడు గవరయ్య. "నా ఆమోదం వెనక్కి తీసుకుంటున్నాను."

"అభ్యంతరం నమోదైంది. పరిశీలనకు తొమ్మిది రోజులు. అంతవరకు ప్రస్తుత స్థితి కొనసాగుతుంది."

"ఈ సంగతి వంటశాలలకు చెప్పు."

"ఉప్పు ఉప ఉత్పత్తి. ఉప ఉత్పత్తి గురించిన ప్రకటన నా విధుల్లో లేదు."

అతను జాలీ నుంచి వెనక్కి జరిగాడు. తనను ఎవరూ మోసం చేయలేదు. అడిగిన ప్రతి ప్రశ్నకూ నిజమే చెప్పింది. అడగడానికి నలభై రోజులు ఆలస్యం చేసింది తాను. మనిషిని పాత్ర అన్న మాట విని ఒళ్లు జలదరించింది కానీ, అదనపు బిందె ఇంట్లోకి వచ్చిన నాడు ఆ నీరు ఎవరి వంతు వేడిలోంచి వచ్చిందని తాను మాత్రం అడిగాడా? ముగ్గురు నిద్రలో పోయారు. తన వేలిముద్ర ఆ ముగ్గురి మంచాల దగ్గరికీ వెళ్లింది. ఈ ఆలోచన దగ్గర అతను నిలబడలేకపోయాడు. నిలబడకుండా వెళ్లడానికి మరో చోటు కూడా కనిపించలేదు.

తొట్టిబండ్లు బయలుదేరడానికి నలభై నిమిషాలు. తొట్టిలోని ఉప్పు వెళ్లకుండా ఆపవచ్చు. తిరిగి పెద్దపాత్రలో పోసి కరిగిస్తే చాలు. కానీ పదకొండు వంటశాలల జాడీల్లో నిన్నటి ఉప్పు ఉంది. మరో గంటలో పప్పు పొయ్యి ఎక్కుతుంది. పదకొండు చోట్లకు పరుగెత్తడం ఒక మనిషి వల్ల కాదు. పరుగెత్తినా, ఒట్టి నోటిమాటతో కూటికుండ దింపే వంటమనిషి ఉండదు. జల్లెడ చల్లగా ఉన్నంతకాలం రేపటి ఉప్పూ ఇంతే.

పెద్దపాత్ర వెనుక, ఆవిరి రెండు పాయలుగా చీలే చోట, ఒక చేతిచక్రం ఉంది. కప్పు కట్టిన ఇంజనీర్లు, తులాధారి మూగబోతే మనిషి తిప్పడానికని పెట్టారు. పదహారేళ్లుగా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. గొట్టాలకు రంగు వేసినప్పుడల్లా దానికీ వేశారు. ఎడమకు తిప్పితే ఆవిరంతా జల్లెడకు వస్తుంది. బట్టీ చల్లారుతుంది. నాలుగువేల మందికి నీళ్లు ఆగిపోతాయి. తులాధారి పనిచేస్తుండగా దాన్ని తిప్పిన వాడికి శిక్ష ఎండపాళీ, అంటే కప్పు అవతల ఎండలో పని. ఎండపాళీకి వెళ్లి ఏడాది తిరిగేదాకా బతికి ఉన్నవాడిని గవరయ్య చూడలేదు.

అతను చక్రం దగ్గరికి నడిచాడు. పైడమ్మ వెంట వచ్చింది.

"నీళ్లాగిపోతాయిరా."

"ఆగాలత్తా. నీళ్లు లేపోతే పదకొండు పొయ్యిల మీద దేని మీదా కుండ ఎక్కదు. ఈ పూట ఎవడూ ఆ ఉప్పు తినడు."

"ఊరంతా కిందకి దిగుతాది. నిన్ను కొడతారు."

"కొట్టినాకైనా ఇంటారు కదా. నాను పైకెల్లి ఒక్కో గుమ్మం కాడ సెప్పలేను. ఆళ్లే రావాల. ఆ గ్లాసులో సూదులు ఆళ్ల కళ్లతో ఆళ్లు సూడాల."

"ఎండపాళీకి పంపుతారు."

"తెల్సు."

గవరయ్య అరచేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. పైడమ్మ అతని ముఖం వైపు చూసి, తరువాత బస్తా మీద కూర్చున్న నూకరత్నం వైపు చూసింది.

"ఏమే రత్నం, మద్దేన్నం వంట లేదంట. నాలుగొందల కంచాలు. నీ తమ్ముడు కుండ దింపించేత్తన్నాడు."

నూకరత్నం మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుంది.

"తవిటమ్మకి ఆఖరి రోజున నేనే గంజి తాగించినాను," అంది నెమ్మదిగా. "సప్పగా ఉన్నాదంటే ఉప్పేసినాను." ఖాళీ డబ్బాను పక్కకు నెట్టింది. "తిప్పీరా గవరా. నాకోసమని మాత్రం తిప్పకు. ఆ లెక్కన రేపు నేను పోతే మళ్లీ ఇటు తిప్పేత్తావు."

అతను చక్రం పట్టుకున్నాడు. అది కదలలేదు. పొరలు పొరలుగా వేసిన రంగు దాన్ని గొట్టానికి అతికించేసింది. రెండో ప్రయత్నంలో అరచేతి చర్మం లేచింది. తన భయం తనకు అనుకూలమైన సాకును వెతుకుతోందని అతనికి అర్థమైంది: తిరగలేదు, నేనేం చేయను. ఆ వాక్యం అప్పటికే లోపల తయారై ఉంది.

"జరుగు," అంది పైడమ్మ. పారకర్రను చక్రం ఆకుల మధ్య దూర్చి, తన బరువంతా దాని మీద వేసింది. గవరయ్య ఆమె చేతుల పక్కన చేతులు వేశాడు. రంగు పెచ్చులుగా రాలింది. చక్రం ఒక అంగుళం కదిలింది, ఆగింది, తరువాత ఒక్కసారిగా తిరగసాగింది.

తలకు పైన బట్టీ వైపు వెళ్లే గొట్టంలో ఎప్పుడూ వినిపించే హోరు సన్నబడి ఆగిపోయింది. పదహారేళ్లలో ఆ నిశ్శబ్దం వాళ్లు వినడం అదే మొదటిసారి. జల్లెడ చుట్టూ గొట్టాలు టపటపమంటూ వేడెక్కడం మొదలుపెట్టాయి.

"బట్టీకి ఆవిరి అందడం లేదు," అంది తులాధారి. "నిలవపాత్రలకు నీరు అందదు. కారణం తెలియజేయండి."

గవరయ్య ఆ వైపు తిరగలేదు. పారను చక్రంలోంచి బయటికి లాగి, తొట్టి దగ్గరికి వెళ్లి, నిండుగా ఒక పారెడు ఉప్పు ఎత్తి మరుగుతున్న పెద్దపాత్రలోకి విసిరాడు. పైన మెట్ల మీద నీళ్లకోసం దిగివస్తున్న మొదటి ఖాళీ బిందె చప్పుడు వినిపించేసరికి అతను ఏడో పార ఎత్తుతున్నాడు.